నీసు మానిన కుక్క

వనపర్తిలో మా వీధి చివర ఈ మధ్య కుక్కల తిండి అమ్మే దుకాణం ఒకటి తెరిచారు. గాజు తలుపు, లోపల ఏసీ, గోడ పొడవునా రంగురంగుల సంచులు. పిల్లకొకటి, ముసలిదానికొకటి, లావెక్కినదానికొకటి, బొచ్చు రాలేదానికొకటి. రిటైరైన పశువుల డాక్టరమ్మ ఈ వీధిలోనే ఉంటుందని ఎవరు చెప్పారో గానీ, సాయంత్రం నడకకు బయల్దేరితే చాలు, కుక్క గొలుసు పట్టుకుని ఎవరో ఒకరు ఎదురొస్తారు. "మేడం, మావాడికి ఏ ఫుడ్ మంచిది?" అని అడుగుతారు. నా నడక అక్కడితో సరి.

మొన్న, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇద్దరు కుర్ర డాక్టర్లు ఇంటికొచ్చారు. వాళ్లదీ అదే గోల. "ఎంత విడమరిచి చెప్పినా ఓనర్లు వినడం లేదు మేడం. తలూపుతారు, ఇంటికెళ్లి మళ్లీ వాళ్ల ఇష్టమొచ్చిందే పెడతారు" అన్నారు. చాయ్ ఇచ్చి ఈ కథ మొదలుపెట్టాను. సగం దాకా విని ఒకడు ఫోన్ తీశాడు. నాకు కోపం తొందరగా వస్తుంది, అక్కడే ఆపేశాను. మిగతా సగం వాళ్ల కోసమే ఇక్కడ రాస్తున్నాను. మీరూ వినండి, పనికొస్తుంది.

ఇందులో మనుషుల పేర్లు రాయను. ఎవరింటి సంగతి వాళ్లది. కుక్క పేరు మాత్రం రాస్తాను, అదేమీ అనుకోదు. దాని పేరు కొత్వాల్.

నా ఉద్యోగమంతా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు చుట్టే తిరిగింది. తెలకపల్లిలో బర్రెలతో, ధరూర్‌లో ఎద్దులతో కుస్తీ పట్టి, చివరికి గట్టులో కుదురుకున్నాను. గట్టంటే మెట్ట ప్రాంతం. ఆముదం, కంది, పల్లికాయ. రాయచూరు దగ్గర కాబట్టి సంతలో కన్నడం కూడా చెవినపడుతుంది. గొర్రెలకూ మేకలకూ లోటు లేదు గనక మాకు పనికీ లోటు లేదు. కుక్కను దవాఖానకు తెచ్చేవాళ్లు మాత్రం అరుదు. కుక్క కరిస్తే మనిషి పరిగెత్తుకొస్తాడు గానీ కుక్కకు జబ్బు చేస్తే ఎవరొస్తారు?

అక్కడ నాకు తోడు ఒక అటెండరు. పెద్దమనిషి, నెమ్మదస్తుడు, పశువును పట్టుకున్నాడంటే అది మెదలదు. ఆయనకు తెలియని విషయం లేదు. తెలిసినవన్నీ తప్పులే అన్నది వేరే సంగతి. వాన వస్తుందని ఆయనంటే నేను గొడుగు ఇంట్లో పెట్టి వచ్చేదాన్ని. కడుపులో దూడ అడ్డం తిరిగిందంటే నిలువుగా ఉందనుకుని చెయ్యి పెట్టేదాన్ని. ఒక్కసారి కూడా మోసపోలేదు.

ఒక సంతరోజు పొద్దున ఓ ముసలమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి, సన్నగా ఉంటుంది, గొంతు మాత్రం సంతలో ఈ చివర మాట్లాడితే ఆ చివర వినిపిస్తుంది. ఊరి పక్కనే కొద్దిపాటి చెలక ఉంది, పల్లికాయ వేస్తుంది. కూతురిది అదే ఊరు. ఒక చేతిలో చేపల వాసన గుప్పుమంటున్న పొట్లం, ఇంకో చేతిలో పాత చీర అంచుతో పేనిన తాడు, తాడు చివర కొత్వాల్.

మంచి జాతి కుక్క. ముత్తాతల్లో ఎవరో వేటకుక్క ఉండుంటారు, కాళ్లు పొడుగు, మూతి సన్నం. కానీ ఒంటిమీద బొచ్చు అక్కడక్కడా ఊడిపోయింది, చర్మం పొట్టు లేస్తోంది, వీపు ఎముకలు లెక్కపెట్టొచ్చు. నాలుగడుగులు వేస్తే కూర్చుంటోంది.

"పందులొస్తే మొరుగుతలేడు డాక్టరమ్మ. చూసి పండుకుంటుండు. మొన్న సగం చెలక తవ్వినయ్. చేను పోతే మళ్ల ఏస్త గని, వీడు గిట్ల అయితుండు ఏందని పరేషాన్ అయితుంది" అంది.

"ఏం పెడుతున్నావవ్వా?"

"ఏం తక్కువ చేస్తలే. పొద్దుగాల చాయ్, బిస్కెట్లు. పగటిపూట జొన్న గటక, అండ్ల పాలు, చక్కెర. రాత్రికి మళ్ల గదే."

చాయ్ తాగే కుక్కలు మన దగ్గర చాలానే ఉన్నాయి, ఆశ్చర్యపోలేదు. "పాలూ చక్కెరతో ఒంట్లో బలం రాదవ్వా. రోజుకో గుడ్డు..." అని మొదలుపెట్టానో లేదో, ఆమె పొట్లం కింద పడేసి కుక్క చెవులు రెండూ రెండు చేతులతో మూసింది.

"ఆ మాట వాని ముందర అనకు డాక్టరమ్మ!"

నేను నోరు తెరిచి చూస్తుంటే అటెండరు ఆ పొట్లం ఏరి బల్ల మీద పెట్టాడు. అప్పుడు చెప్పిందామె. కొత్వాల్ పిల్లగా ఉన్నప్పుడు, నేను గట్టుకు రాకముందు, రక్తపు విరేచనాలు పట్టుకున్నాయి. ఆ జబ్బులో కుక్కపిల్లలు బతికేది తక్కువ. ఆమె దాన్ని ఒడిలో పెట్టుకుని ఊరి ఎల్లమ్మ గుడికి పోయి మొక్కింది. ఇది బతికితే దీని జన్మలో నీసు ముట్టనియ్యను అని. కుక్క బతికింది. ఆ రోజు నుంచి కొత్వాల్ నోటికి మాంసం లేదు, చేప లేదు, గుడ్డు లేదు.

మా వైపు మొక్కంటే మాటలు కాదు. బిడ్డకు బాగైతే తలనీలాలిస్తామంటారు, బోరు పడితే మేకపోతునిస్తామంటారు, కొందరు ఏడాదిపాటు నీసు మానతామంటారు. కానీ కుక్క పేరుమీద నీసు మానిన వాళ్లను అప్పటిదాకా నేను చూడలేదు.

నాకు నవ్వాగలేదు. బల్ల మీది పొట్లం వైపు చూపించి, "అయితే మొక్కేదేదో నీ నోరే కట్టుకోవచ్చు కదా, ఎండుచేపలు నీకు, చక్కెర గటక దానికా?" అన్నాను.

ఆమె ఏమాత్రం నొచ్చుకోలేదు. "నాకు నీసు లేకుంటే బుక్క దిగదు డాక్టరమ్మ. పెండ్లయిన్నాటి సంది గంతే. ఒక్క శాప తునకన్న ఉండాలె. వాడంటే కుక్క, వానికేం ఎరుక?" అని తేల్చేసింది.

ఊరంతా తెలిసిన సంగతే అది. సంతలో ఎండురొయ్యల అమ్మితో ఆమె బేరమాడుతుంటే చూడడానికి జనం ఆగుతారని, పండక్కి తలకాయ కూర వండిందంటే వాసనకే నాలుగిళ్లు లేచొస్తాయని అటెండరు తర్వాత చెప్పాడు. ఆయన చెప్పిన వాటిలో నిజమైనది అదొక్కటే.

సరే, ఆమె మొక్కు ఆమెది, నా చదువు నాది. గద్వాలకు పోయినప్పుడు మంచి కంపెనీ దాణా సంచి ఒకటి తెచ్చాను. ఆమె మళ్లీ వచ్చినప్పుడు ముందర పెట్టి, ఇందులో అన్నీ ఉన్నాయి, బొచ్చు తళతళలాడుతుంది, రోజూ ఇంత పెట్టు అని ఉపన్యాసం ఇచ్చాను. ఆమె సంచిని ఇటూ అటూ తిప్పి చూసింది. చదువు రాదు. వేలు ఒకచోట ఆగింది. అక్కడ ఇంత బొమ్మ, ఎర్ర జుట్టు కోడిపుంజుది.

"ఈయన ఎవరు డాక్టరమ్మ?" అంది.

నేను సంచి పక్కకు జరిపాను. ఆ బొమ్మ నాకెందుకు కనిపించలేదో ఇప్పటికీ తెలియదు. ఇరవై గజాల దూరం నుంచి గేదె కుంటుతుంటే కనిపెట్టే కళ్లు ఇవి.

అప్పుడు అటెండరు రంగంలోకి దిగాడు. "గుడ్డు నీసు కాదవ్వా. నీసయితే బడిల పిల్లలకెట్ల పెడ్తరు? సర్కారే పెడ్తుంది. గుడ్డంటే చెట్టుకు కాయ అసొంటిది" అన్నాడు. ముసలమ్మ ఆయన వైపు జాలిగా చూసింది. "కాయల నుంచి కోడిపిల్ల ఎట్ల వస్తది నాయినా?" అంది. ఆయన దగ్గర దానికి కూడా ఏదో జవాబు ఉంది గానీ నేను వినిపించుకోలేదు.

గుడ్డూ మాంసమూ లేకుండా కుక్కను సాకలేమా అంటే, సాకొచ్చు. కానీ చాలా తెలిసి చెయ్యాలి, కుక్క కూడా తినాలి. చాయ్, చక్కెర, బిస్కెట్లు బంద్ చేయించాను. ఉడికించిన పప్పు, పెరుగు, గుమ్మడికాయ, విటమిన్ల మందు, కడుపులో పురుగులు పోయే నట్టల మందు చెప్పాను. ఆమె అన్నీ శ్రద్ధగా చేసింది. కొత్వాల్ మాత్రం పప్పు గిన్నె దగ్గరికి పోయి, వాసన చూసి, మా అందరి మీదా ఉన్న విసుగంతా ఒక్క తుమ్ములో చూపించి వెళ్లి పడుకునేవాడట. ఇంకొంచెం చిక్కాడు. అది వింటుంటే నాకు దిగులేసింది. వచ్చే చలికాలం చూడడేమో అనుకున్నాను. బయటికి చెప్పలేదు.

ఆ తర్వాత వింత జరిగింది. మూడోసారి తెచ్చినప్పుడు కుక్క కొంచెం తేరుకుంది. ఆ తర్వాత చూసినప్పుడు బొచ్చు కమ్ముకొస్తోంది, ఒంటికి మెరుపు వచ్చింది. చేనులో పందులను తరుముతున్నాడని ముసలమ్మ మురిసిపోయింది. "అంత ఎల్లమ్మ దయ, నీ మందు దయ" అంటూ నాకు పచ్చి పల్లికాయలు ఒడినిండా పోసింది. గుమ్మడికాయకు ఇంత మహిమ ఉందని ఏ పుస్తకంలోనూ చదవలేదు. అయినా పొగుడుతుంటే వద్దనేదెవరు? గద్వాలలో మా వాళ్ల మీటింగులో ఈ కేసు గురించి కాస్త గొప్పగానే చెప్పుకున్నాను. అటెండరు కూడా ఊళ్లో తన వాటా తాను చెప్పుకున్నాడు.

అసలు సంగతి క్రిస్మస్ మర్నాడు బయటపడింది.

పొద్దున్నే, చలికి చేతులు రుద్దుకుంటూ తాళం తీస్తుంటే, ముసలమ్మా ఆమె అల్లుడూ ఆటోలోంచి కొత్వాల్‌ను దించారు. కడుపు గట్టిగా ఉబ్బింది. వాడు ముందుకు వంగి ముక్కుతున్నాడు, ఏమీ రావడం లేదు, నొప్పికి సన్నగా ఏడుస్తున్నాడు. కడుపు మీద చెయ్యి వేసి చూశాను. లోపల రాయిలాగా తగిలింది. వేలు పెట్టి చూస్తే గరుకుగా పొడి పొడిగా, మధ్యలో ఏవో గుచ్చుకున్నాయి. బయటికి తీస్తే ఎముక ముక్క, మా మాటలో బొక్క. కోడిది.

"అవ్వా, ఇది కోడిబొక్క" అన్నాను.

ఆమె మొహం తెల్లగా పాలిపోయింది. "లే. నా ఇంట్ల వానికి కోడి లే. ఎన్నడు లే."

అప్పుడే గేటు దగ్గర చెప్పులు చేత పట్టుకుని పరిగెత్తుకుంటూ ఇంకొకామె వచ్చింది. ముసలమ్మకు గోడవతల ఇల్లు. క్రైస్తవుల ఇంటి మనిషి, ఈమె కంటే పదేళ్లు చిన్న. ఇద్దరూ కలిసే పత్తి తియ్యడానికి పోతారు, కలిసే కలుపు తీస్తారు, సుగ్గికి, అంటే కోతల కూలికి, బయటి ఊళ్లకు పోయినప్పుడు ఒకే గుడిసెలో పండుకున్నవాళ్లు. వస్తూనే ముసలమ్మ చేతులు పట్టుకుంది.

"అక్కా, నేనే పెట్టిన. ఆయితారం ఆయితారం ప్రార్థన కాంగనె వచ్చి మా వాకిట్ల కూసుంటుండె. వాని బొక్కలు కనవడ్తుంటె పానం ఒప్పలే. ముందుగాల రెండు మెత్తటి తునకలు పెట్టిన. తిన్నడు. మళ్ల ఆయితారం వచ్చిండు. నిన్న పండుగ గద, మా వాడకట్టు ఇండ్లన్నిట్ల మిగిలిన బొక్కలన్ని ఒక్క గిన్నెల పోసి పెట్టిన. కుక్కకు బొక్కలే బలమంటరు గద అని..."

నా గుమ్మడికాయ మహిమ ఏమిటో అప్పుడు తెలిసింది.

ముసలమ్మ చేతులు విడిపించుకుంది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. వంగి కుక్క తాడు చేతికి చుట్టుకుంది. "ఎత్తుర్రి వీణ్ణి. గుడికి తీస్కపోవాలె. ముందుగాల అమ్మ కాళ్ల మీద ఎయ్యాలె. మాట తప్పితిమి, గందుకే గిట్ల చేసింది" అంది అల్లుడితో.

నాకు చిర్రెత్తింది. "అవ్వా, ఇది అమ్మ చేసింది కాదు, ఉడికిన బొక్కలు చేసినయ్. ఇప్పుడు తియ్యకుంటే లోపల పేగు చినుగుతుంది. గుడికి పోయి వచ్చేసరికి నీకు కుక్క ఉండదు!" అని గట్టిగానే అన్నాను. ఆమె వినలేదు. తర్కానికి దిగాను. "ఎల్లమ్మ తినేదే కోడి కదా. మీరే కోస్తారు కదా. కోడి తిన్నదని కుక్క మీద ఆమెకెందుకు కోపం?"

"అమ్మ కోడి తింటది డాక్టరమ్మ. ఇచ్చిన మాటను తింటే ఊకుంటదా?"

కుక్క మళ్లీ ముక్కుతూ వణికింది. నేను చెయ్యగలిగేది అంతా ఆ తాడు వదిలితేనే, ఆమె వదలదు. ఎన్నో ప్రసవాలు చేశాను, ఎన్నో కోతలు కోశాను, అంత చేతకానితనం ఎప్పుడూ అనిపించలేదు.

అప్పుడు ఆ రెండో ఆమె ముసలమ్మ ముందు కూర్చుంది.

"అక్కా, మాట ఇచ్చింది నువ్వు. నువ్వు తప్పలే. తప్పింది నేను. మీ అమ్మకు కోపమొస్తె నా మీదికి రానీ, నేను పడ్త. వాణ్ణి ఇడువు. వాడు నొప్పికి ఓర్వలేకుంటుండు, చూడు వాని మొకం."

ముసలమ్మ కుక్క మొహం చూసింది. చేతి చుట్టూ ఉన్న తాడు విప్పి నా చేతిలో పెట్టింది.

ఆ తర్వాత జరిగిన పని మీకు తెలిసిందే, తెలియని వాళ్లకు చెప్పినా బాగుండదు. మత్తిచ్చి, గ్లూకోజు పెట్టి, గోరువెచ్చటి సబ్బు నీళ్లు, నూనె, నా వేళ్లు. ఆ రెండో ఆమె నీళ్లు కాచి కాచి అందించింది. అటెండరు కుక్కను పట్టుకుని, "ఇగ అయిపోయింది మేడం, బతకడు" అన్నాడు. ఆ మాట విన్నాకే నాకు ధైర్యం వచ్చింది. పండుగ పూట నాలుగైదు ఇళ్లవాళ్లు తిన్న కోళ్ల బొక్కలు, ముక్కలు ముక్కలుగా, పొద్దెక్కే వరకు బయటికి వస్తూనే ఉన్నాయి. చివరికి కడుపు మెత్తబడింది. మధ్యాహ్నానికి కొత్వాల్ కళ్లు తెరిచి, తల ఎత్తలేక, తోక చివర ఒక్కటి కదిలించాడు.

ముసలమ్మ అంతసేపూ పశువులను కట్టే ఇనుప చట్రానికి ఆనుకుని నిలబడే ఉంది. ఇప్పుడు వచ్చి కుక్క పక్కన కూర్చుని తల మీద చెయ్యి వేసింది.

"ఇగ వీనికి ఏం పెట్టాలె డాక్టరమ్మ? ఒక్క మాటల చెప్పు. నాకు పప్పు, గుమ్మడికాయ చెప్పకు. వీడు బతకనీకె ఏం కావాలె?"

నేనూ సూటిగానే చెప్పాను. "మాంసం కావాలి. గుడ్డు కావాలి. ఇన్ని రోజులు వాణ్ణి బతికించింది నా మందు కాదు, మీ చెల్లె పెట్టిన రెండు తునకలు."

ఆమె లేచి, కొంగు భుజం మీద సరిచేసుకుని, "గుడి ఎటుదిక్కు అయితది ఈడికెల్లి?" అని అడిగింది.

అటెండరు వెంటనే చెయ్యి చాపి ఒక దిక్కు చూపించాడు. ఆమె అటు తిరిగింది. నీళ్ల గిన్నె పట్టుకుని నిలబడ్డ రెండో ఆమె గిన్నె కింద పెట్టి, ముసలమ్మ భుజాలు పట్టుకుని మెల్లగా తిప్పింది. "అటు గాదక్కా. ఇటు."

ముసలమ్మ చేతులు జోడించింది. అరిచినట్టు కాదు, పక్కింటి వాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"అమ్మా, నీకు మాటిచ్చింది నేను. వాడు ఇయ్యలే. వానికి నోరు లేదు, వాని నోరు కట్టి మొక్కిన, అది నాదే తెలివితక్కువ. వాని మొక్కు నేను తీసుకుంట. ఇయ్యాల్టి సంది నేను నీసు ముట్ట. శాప ముట్ట, కోడి ముట్ట, గుడ్డు ముట్ట. నేను బతికినన్నాళ్లు. వాణ్ణి మాత్రం తిననీ."

నేను ఆమెను మొదటిరోజు ఏమని వెక్కిరించానో నాకు గుర్తొచ్చింది. ఆ వెక్కిరింపునే ఆమె ఎత్తుకుని గుడివైపు తిరిగి నిజం చేసింది. కళ్లు చెమ్మగిల్లాయి. చేతులకు సబ్బు అంటి ఉంది, తుడుచుకునే వీలు కూడా లేదు.

అటెండరు ఆ రోజు సాయంత్రం దాకా ఒక్క సలహా ఇవ్వలేదు. నాకు తెలిసి ఉద్యోగంలో అది ఆయనకు మొదటిసారి.

ఆ తర్వాత ఇద్దరాడవాళ్లనూ కూర్చోబెట్టి కుక్క వంట నేర్పాను. జొన్నరొట్టె గానీ అన్నం గానీ సగం, ఉడికిన మాంసమో గుడ్డో మిగతా సగానికి కొంచెం తక్కువ, దాంట్లో కాస్త గుమ్మడికాయో ఆకుకూరో. ఉప్పు, కారం వద్దు. ఉల్లిగడ్డ అసలే వద్దు, కుక్క రక్తాన్ని పాడుచేస్తుంది. చాయ్, చక్కెర, బిస్కెట్ల పేరెత్తొద్దు. ఉడికిన బొక్క ఒక్కటి కూడా పోకూడదు. "బొక్కలేరే పని నాది" అంది రెండో ఆమె. "నీది వద్దు, నీ చెయ్యి మీద నాకు నమ్మకం లేదు, నేనే ఏరుత" అంది ముసలమ్మ. ఆ మాటతో వాళ్ల మధ్య సంగతి కుదుటపడినట్టు నాకు అర్థమైంది.

కుక్క సంగతి అయ్యాక నాకు ముసలమ్మ మీద దిగులు పట్టుకుంది. అరవై దాటిన ఒళ్లు, రోజంతా చేనులో పని. కందిపప్పు, పెరుగు, పల్లీలు రోజూ తినాలని ఆమెకూ చెప్పాల్సొచ్చింది. "నాకు గూడ నట్టల మందు ఇస్తవా ఏంది?" అని నవ్వింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు నేను రిటైరయ్యాను. వనపర్తి వచ్చేశాను.

పోయినేడు అటెండరు కూడా రిటైరయ్యాడు. సన్మానానికి రమ్మని ఫోన్ చేసి, పొద్దున్నే మొదలవుతుందని చెప్పాడు. నిజానికి అది సాయంత్రం. ఇన్నేళ్ల తర్వాత ఆయన మాట నమ్మి పొద్దున్నే గట్టులో బస్సు దిగిన నన్ను చూసి ఎవరైనా నవ్వాల్సిందే. చేతినిండా తీరిక ఉంది గనక ముసలమ్మ ఇంటికి నడిచాను.

గేటు దగ్గరే కొత్వాల్ అడ్డం పడ్డాడు. మూతి మీద బొచ్చు నెరిసింది గానీ ఒళ్లు నిగనిగలాడుతోంది. నా చేతులు వాసన చూసి, పాత సంగతులు గుర్తొచ్చినట్టుంది, మర్యాదగా తోక ముడుచుకుని పక్కకు జరిగాడు.

ముసలమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ముందు పళ్లెంలో ఉడికించిన కోడి. ఒక్కొక్క తునక వేళ్ల మధ్య నలిపి, సన్నటి ముల్లులాంటి బొక్క కూడా తగలకుండా చూసి, రొట్టె ముక్కల్లో వేస్తోంది. ఉప్పూ కారం లేకపోయినా ఉడికిన కోడి వాసన కోడి వాసనే. నాకే నోరూరింది. గోడవతల నుంచి రెండో ఆమె చిన్న గిన్నె అందించింది. ఆ రోజు వాళ్లింట్లో మాంసం వండారట, ముసలమ్మ కోసం వేరే పొయ్యి మీద, వేరే గిన్నెలో చింతచిగురు పప్పు చేసింది. వండిన ప్రతిసారీ అలాగే చేస్తుందట.

ముసలమ్మ కుక్క గిన్నె నింపి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, అప్పుడు పప్పు గిన్నె దగ్గరికి తీసుకుంది. నాకూ ఇంత రొట్టె పెట్టింది. తింటూ తింటూ ఉండబట్టలేక అడిగాను.

"నీసు లేకుంటే బుక్క దిగదంటివి కదవ్వా. ఇప్పుడు అలవాటైందా? దాని మీద ఆశ పోయిందా?"

ఆమె నన్ను విచిత్రంగా చూసింది, ఇంత చదువుకుని ఇదేం ప్రశ్న అన్నట్టు.

"ఎందుకు పోతది డాక్టరమ్మ? దినాం ఆశ అయితది. ఈ కోడిని ముట్టుకున్నప్పుడల్ల నోట్ల నీళ్లు తిరుగుతయ్. గందుకే గద అమ్మ ఒప్పుకున్నది."

అని, రొట్టె తుంచి పప్పులో అద్దుకుంది. కొత్వాల్ తన గిన్నె చివరి దాకా నాకి, వచ్చి ఆమె కాళ్ల దగ్గర పడుకున్నాడు.